రక్తపోటుకు సంజాయిషీ

41వ నమోదు. పోటీకి పద్దెనిమిది రోజులు

పరీక్షాధికారి గారికి జాడి ఓదెమ్మ రాస్తున్నది.

నిన్న పొద్దున పడవలో ఉండగా నా మెడ కింది పూస ఎర్రబడింది. గంటలోపు సంజాయిషీ రాయమన్నారు కదా, రాశాను. "కారణం తెలియదు." రెండే ముక్కలు. నిజం అంతే మరి. మీరు తిప్పి పంపారు, వివరణ చాలదు, పూర్తిగా రాయండి అని. సరే, పూర్తిగానే రాస్తాను. చదివి చదివి మీకు తలనొప్పి పుడితే నా పూచీ లేదు.

యంత్రం చేత రాయిస్తే చెల్లదని మీ క్రీడల మండలి నిబంధన. యంత్రమైతే ఎన్ని అబద్ధాలనైనా చక్కగా అల్లుతుందట, మనిషి చేతిరాత మాత్రం దొరికిపోతుందట. అందుకే దేశంలో ఇంకెవరూ పెన్సిలు ముట్టని ఈ రోజుల్లో మేం ఆటగాళ్లం బడిపిల్లల్లా గీతల కాగితాల మీద గుండ్రంగా రాస్తూ కూర్చుంటున్నాం. నా రాత చూసి నవ్వుకోండి, పర్వాలేదు.

మాది బొగ్గు బాయి ఊరు. బొగ్గు తవ్వడం ఆపి చాలా ఏళ్లయింది. తవ్విన గుంత మిగిలింది, అందులో నీళ్లు నిండాయి, ఆ నీళ్ల మీదే మా పడవ పందేలు. నాలుగున్నరకు దిగి ఎనిమిదిన్నరకల్లా ఒడ్డెక్కాలి. తొమ్మిదింటికి పాత బాయి సైరన్ మోగుతుంది. ఒకప్పుడు షిఫ్టు మారడానికి మోగేదట, ఇప్పుడు ఎండలోంచి జనాన్ని ఇళ్లలోకి తరమడానికి మోగుతుంది. నాకు రొమ్ము కింద చెమట పట్టదు కాబట్టి రంజన్ కుండలో రాత్రంతా నానబెట్టిన కోటు తొడుక్కుని దిగుతాను. అది ఆరిపోతే నా పని అయిపోయినట్టే.

పదేళ్ల కింద ఆ గుంత అంచునే మట్టి జారి పడ్డాను. వెన్నెముక విరిగింది. అప్పట్నుంచి రొమ్ము కింద చీమ కుట్టినా నాకు తెలియదు, నిప్పు తగిలినా తెలియదు. తెలియనిది నాకే, ఒంటికి కాదు. కింద ఎక్కడ నొప్పి పుట్టినా ఒళ్లు గోల పెట్టి రక్తపోటును అమాంతం ఎగదోస్తుంది. తల పగిలిపోతుంది, ముఖం ఎర్రబడి చెమటలు కారతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది. మాలో మేం దాన్ని పొంగు అంటాం. మూత్రం గొట్టం మడత పడినా పొంగే, కాలిగోరు లోపలికి పెరిగినా పొంగే.

మీ అనుమానం నాకు తెలుసు. పొంగు వస్తే గుండె దడదడా కొట్టుకుని చేతులకు ఎక్కడలేని బలం వస్తుంది. అందుకని కొందరు కావాలనే గొట్టం బిగించుకుంటారు, తొడలో సూది గుచ్చుకుంటారు. నొప్పి ఎలాగూ తెలియదు కదా. మూడేళ్ల కింద మా క్లబ్బు కొమురయ్య ఆ పనే చేశాడు. అందరికంటే ముందు గీత దాటి పడవలో ముందుకు వాలాడు. అలిసిపోయాడనుకున్నాం. మేం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. తలలో నరం చిట్లి అప్పటికే పోయాడు.

ఆ తర్వాతే మీరు మా మెడ కింద ఈ పూస పెట్టారు. బఠాణీ గింజంత పూస, రక్తంలో ఏముందో, పోటు ఎంతుందో క్షణక్షణం మీకు చెబుతుంది. ముప్పై రోజుల్లో మూడుసార్లు కారణం లేకుండా ఎర్రబడితే నాలుగేళ్లు నిషేధం. నాకు ఒకటయింది. నేను గొట్టం బిగించలేదు, సూది గుచ్చుకోలేదు. కొమురయ్య మీద ఒట్టు.

43వ నమోదు. పోటీకి పదహారు రోజులు

ఇవాళ ఆసుపత్రిలో నుస్రత్ మేడం నన్ను పూర్తిగా పరీక్షించింది. నా ఒంటి సంగతి నాకంటే ఎక్కువ తెలిసిన డాక్టరు ఆమె.

"ఓదెమ్మా, మూత్రం సాఫ్‌గున్నది. కిడ్నీలు మంచిగున్నయ్. రాయి లేదు, గడ్డ లేదు. మరి గీ పొంగు యాడికెల్లి వస్తుందో నాకు సమజైతలేదు" అంది.

"అయితే ఏం జెయ్యాలె మేడం?"

"పోటు దించే మాత్ర రోజుకొకటి వేస్కో. పొంగు రానే రాదు."

"గది మండలి లిస్టుల ఉన్నది గద!"

ఉంది. పొంగు తెప్పించుకున్నవాడు తనిఖీకి ముందు ఆ మాత్ర వేసుకుంటే పోటు దిగిపోయి దొంగతనం కనబడదు కదా, అందుకని నిషేధించారు. మాకు ప్రాణం నిలబెట్టే మందు, మీకు దొంగను దాచే ముసుగు. రెండూ నిజమే, కాదనను.

"పర్మిషన్ కాయితం పెడదాం. ఇరవై ఒక్క రోజులు పడతది" అంది మేడం.

"పోటీ పదహారు రోజులకే ఉన్నది మేడం."

"పోటీ పదహారు రోజులకు. పాణం ఎన్ని రోజులకున్నది?"

మేడం అత్యవసర నిబంధన చదివి వినిపించింది. పోటు రెండు వందలు దాటి పది నిమిషాలు అలాగే ఉంటే అనుమతి లేకుండా మాత్ర వేసుకోవచ్చు, తప్పు పట్టరు. పది నిమిషాలకు ముందు వేసుకుంటే అది నేరం, నాలుగేళ్లు. పది నిమిషాలు! కొమురయ్యకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఈ నిబంధన రాసిన మహానుభావుడు ఒక్కసారైనా తల పగిలే నొప్పితో గడియారం చూస్తూ కూర్చున్నాడా అని అడగాలనుంది.

కాగితం పెట్టాం. పోటీ అయిన అయిదో రోజుకు వస్తుంది.

46వ నమోదు. పోటీకి పదమూడు రోజులు

రెండోసారి ఎర్రబడింది. మళ్లీ పడవలోనే.

సీటు పట్టీ మార్చాం, గొట్టం మార్చాం, మూత్రం సంచి ఖాళీ చేసి దిగాను. సగం దూరం పోయేసరికి ముక్కు దిబ్బడ వేసింది, చెవుల్లో హోరు. ఆగాల్సింది. ఆగలేదు. గీత దాటి చూస్తే ఒడ్డున మా కోచ్ ఐలయ్య సార్ గడియారం పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు.

యాభై మూడు సెకన్లు.

నాకు తొమ్మిదేళ్లలో యాభై ఆరు కంటే తగ్గలేదు. జట్టులోకి పోవాలంటే యాభై నాలుగున్నర కావాలి. ఐలయ్య సార్ మారు మాట్లాడకుండా క్లబ్బు గోడ మీద సుద్దతో నా పేరు, దాని పక్కన 53 రాశాడు. తర్వాత నా చక్రాల బండి పక్కన చతికిలబడి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, నిజం చెప్పు. ఏమన్న జేస్తున్నవా?"

"సార్! నువ్వు గూడ గట్లనే అంటవా?"

"నేను అడగకపోతే ఇంకెవరు అడుగుతరే. కొమురిగాన్ని అడగలేదు నేను. అడిగుంటే బతికుండేటోడు."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన తల మీద కోటు నీళ్లు పిండి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆయన్ని తప్పు పట్టలేననిపించింది. ఒడ్డు మీద ఎప్పుడూ రాని పొంగు పడవ ఎక్కితేనే వస్తుంది, రాగానే మూడు సెకన్లు తగ్గుతాయి. పక్కవాళ్ల సంగతైతే నేనూ అనుమానించేదాన్నే.

47వ నమోదు. పోటీకి పన్నెండు రోజులు

మీ మండలి నుంచి తనిఖీ అమ్మాయి వచ్చింది. నీళ్లు కూడా ముట్టలేదు, పని మాత్రం శ్రద్ధగా చేసింది. పడవ బోర్లా తిప్పి చూసింది, సీటు దిండు కోసి చూసింది. ఒంటి మీది వస్తువులన్నీ తీసి పెట్టమంది. గాజులు, కమ్మలు, పుస్తెలతాడు తీసి మా ఆయన చేతిలో పెట్టాను. పెళ్లయి నెలన్నర కాలేదు, పుస్తెలతాడు చేతికి రాగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఇంకేమీ లేవు" అని కాగితం మీద సంతకం పెట్టాను.

మా ఆయన పేరు పర్వతాలు. గుంత నీళ్ల మీద తేలే ఎండ కరెంటు పలకలు బాగు చేస్తాడు. పొద్దున కోటు పిండేది, నా కాళ్లకు రబ్బరు బూట్లు తొడిగి పడవలో పట్టీ బిగించేది ఆయనే. వచ్చాక బూట్లు విప్పి, మడమలు, పిక్కలు అద్దం పెట్టి చూసి, ఎక్కడా కమిలిపోలేదని చెప్పేదీ ఆయనే.

కారణం రాయమంటున్నారు కాబట్టి ఈ నెలన్నరలో నా బతుకులో ఏం మారిందో అదీ రాస్తున్నాను. పెళ్లి మారింది, అంతే. పెళ్లినాడు సన్నెకల్లు మీద కాలు పెట్టమన్నారు పెద్దలు. నా కాలు నా మాట వినదు కదా. పర్వతాలు కింద కూర్చుని నా కాలు రెండు చేతులా ఎత్తి రాయి మీద పెట్టి, వాళ్లమ్మ దాచిపోయిన వెండి మెట్టెలు తొడిగాడు. ఆయన వేళ్లు నా వేలికి తగలడం నాకు తెలియలేదు. అయినా ఏడుపు ఆగలేదు. అందరూ సిగ్గనుకున్నారు.

ఇదంతా మీకెందుకంటారా? పూర్తిగా రాయమన్నది మీరే.

53వ నమోదు. పోటీకి ఆరు రోజులు

ఈ ఆరు రోజులూ పొంగు రాలేదు. పడవలో పాదాలు ఆనే కాలి పలక విరగడంతో సాధన ఒడ్డు మీదే, తాళ్లు లాగడమే. ఇవాళ పలక బిగించారు, రేపట్నుంచి మళ్లీ పడవ.

చేతి అద్దంలో పూస చూసుకోవడం అలవాటైపోయింది. అన్నం తింటూ చూస్తాను, తల దువ్వుకుంటూ చూస్తాను. ఆకుపచ్చగానే ఉంటుంది. మూడోసారి ఎర్రబడితే దొంగ ముద్ర. ఈ ఊళ్లో ఇంకెవరూ నన్ను ఓదెమ్మ అనరు, కొమురయ్య తర్వాత రెండోది అంటారు.

పొద్దున పర్వతాలు గొడవ పెట్టుకున్నాడు.

"మాత్ర వేస్కోయే. పోటీ పోతే పోయింది."

"నీకేంది, పోతే పోయింది అంటవ్. తొమ్మిదేండ్లయ్యా! తొమ్మిదేండ్లు గీ నీళ్లల్ల తెడ్డు కొట్టిన."

"నాకేందా? నువ్వు పడవల వాలిపోతే తెచ్చుకునేది నేను గదనే!"

ఆయన బూట్లు ఆరేసే నెపం మీద బయటికి పోయాడు.

ఇప్పుడు రాయబోయేది మీరు నా మీద వాడుకోవచ్చు. రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు. గోడ మీది ఆ యాభై మూడును నేను రోజూ చూస్తున్నాను. కారణం దొరకాలని అందరికంటే ఎక్కువ నేనే వెతకాలి కదా? వెతుకుతున్నాను. కానీ లోపల ఎక్కడో, దొరక్కపోతే బాగుండు, పోటీనాడు ఇంకొక్కసారి వస్తే బాగుండు అనిపిస్తోంది. నేను చేసుకున్నది కాదు, దానంతటది వచ్చింది, నా తప్పేముంది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కొమురయ్య కూడా మొదటిసారి ఇలాగే చెప్పుకుని ఉంటాడు. థూ, నా బతుకు.

57వ నమోదు. పోటీకి రెండు రోజులు

మూడు రోజులుగా పడవలో దిగుతున్నాను. పూస పసుపు పచ్చకు వచ్చి ఆగుతోంది, ఎర్రబడటం లేదు. ఎర్రబడే లోపు నేనే ఆపేస్తున్నాను. సమయం యాభై ఏడు, యాభై ఆరున్నర. నుస్రత్ మేడం పోటీనాడు మాత్ర జేబులో వేసుకుని పడవలో నా వెనకే వస్తానంది. మీ మండలి అనుమతించింది, అందుకు మాత్రం దండాలు.

59వ నమోదు. పోటీ రోజు

సైరన్ మోగింది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని రాస్తున్నాను. మీరు గంట గడువిచ్చారు, మూడు గంటలు గడిచిపోయాయి.

ఆరు గంటలకు ఆరు పడవలు వరసలో నిలిచాయి. నాది నాలుగోది. గంట కొట్టకముందే ముక్కు దిబ్బడ వేసింది. చెయ్యి ఎత్తి చెప్పొచ్చు. ఎత్తలేదు. గంట కొట్టారు.

అంత తేలిగ్గా నీళ్లు ఎప్పుడూ కదలలేదు సార్. అబద్ధం ఎందుకు, సుఖంగా ఉంది. నలభై తెడ్లు వేసేసరికి అటూ ఇటూ ఎవరూ లేరు, ముందు ఖాళీ నీళ్లు. ఒడ్డు మీద ఊరంతా చేరి చప్పట్లు కొడుతోంది. తల వెనక సుత్తితో బాదుతున్నట్టుంది. గీత కనబడుతోంది, పదిహేను తెడ్ల దూరం.

ఆ చప్పట్లే నన్ను ఆపాయి. కొమురయ్యకు కొట్టిన చప్పట్లు. అందులో నావీ ఉన్నాయి. ఇప్పుడు నేను వాలినా వీళ్లు కొడుతూనే ఉంటారు అనుకున్నాను. ఒడ్డు మీద పర్వతాలు ఒక్కడే కొట్టడం లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు.

తెడ్డు నీళ్లలోకి వదిలేశాను.

ఒక్కొక్కళ్లూ నన్ను దాటిపోయారు. మేడం పడవ వచ్చింది, ఒడ్డుకు లాగారు. పోటు రెండు వందల పద్దెనిమిది. మీ తనిఖీ అమ్మాయి గడియారం పట్టుకుని నిలబడింది. పాపం ఆమె ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

"నాలుగు నిమిషాలయిందండీ. ఇంకా ఆరు ఆగాలి" అంది.

"ఆరు నిమిషాలు ఆగితే ఎవరికి రాస్తవమ్మా కాయితం?" అంది మేడం. కానీ మాత్ర నా నోట్లో పెట్టలేదు. అరచేతిలో పెట్టి నా ముందుకు చాపింది. "ఓదెమ్మా, నీ ఇష్టం" అంది.

చూపు మసకబారుతోంది. పర్వతాలు ముఖం రెండుగా కనబడింది. రెండు నిమిషాలు ఓర్చుకున్నాను. ఆరో నిమిషంలో మాత్ర తీసుకుని నాలుక కింద పెట్టుకున్నాను. మేడం పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను. ఇది స్పష్టంగా రాసుకోండి, ఆమె మీదికి పోవద్దు.

"ఒంటి మీద బిగుతుగున్నవన్నీ వదులు చెయ్యి" అని మేడం పర్వతాలుకు చెప్పింది. పట్టీలు విప్పాడు. బూట్లు లాగాడు, మేజోళ్లు లాగాడు. మేడం నా కుడికాలు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది.

"మెట్టె తియ్యి."

"మెట్టె ఎందుకు మేడం? అది మెట్టె గద" అన్నాడు పర్వతాలు.

"తియ్యి అంటున్న గదా!"

రాలేదు. వాచిన వేలిలోకి కూరుకుపోయింది. పర్వతాలు నడుముకు ఉండే తీగలు కోసే కత్తెరతో కోశాడు. అడుగున, వేలి కింద, ఎముక కనబడేంత పుండు. పడవ ఊగి కాలు పలకకు ఒత్తుకున్నప్పుడల్లా మూడు చుట్ల వెండి ఆ పుండులోకి దిగుతోంది. మూడు వారాలుగా నా ఒళ్లు అదే చెబుతోంది. పర్వతాలు రోజూ నా మడమలు చూశాడు, పిక్కలు చూశాడు. మేడం కిడ్నీల దాకా చూసింది. మీ అమ్మాయి దిండు కోసి మరీ చూసింది. మెట్టె కింద ఎవరూ చూడలేదు. పెళ్లయినదాని కాలికి మెట్టె అంటే వేలితో పాటు పుట్టిందే అనుకుంటాం మేం. తీసేదని ఎవరికి తడుతుంది? "ఇంకేమీ లేవు" అని నేనే సంతకం పెట్టాను కదా.

పర్వతాలు కోసిన మెట్టె చేతిలో పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. "నేనే తొడిగిన. నా చేతులతోటే తొడిగిన" అంటూ ఒకటే ఏడుపు. నేను ఊరుకోబెట్టబోయి నేనూ ఏడ్చాను. బూటులో దూర్చుకుని పడవ నడిపింది నేను కదా, ఆయనేం చేస్తాడు.

ఇక అసలు విషయం. మెట్టె కోశాక రెండు నిమిషాల్లో పోటు నూట ముప్పైకి దిగింది. కానీ అప్పటికే నా నోట్లో మాత్ర కరిగింది. నేను ఇంకో నాలుగు నిమిషాలు ఆగి ఉంటే, మాత్ర లేకుండా, మెట్టె కోయగానే పోటు దిగడం పూసలో నమోదయ్యేది, నేను దొంగను కాదని తేలిపోయేది. ఆగలేదు. ఇప్పుడు దించింది మెట్టెనా మాత్రనా అని మీరు అడుగుతారు. నిరూపించే దారి నా దగ్గర లేదు. బతకాలనిపించి మింగాను. మూడో ఎరుపు, పైగా గడువుకు ముందు మాత్ర. మీ లెక్కన రెండు నేరాలు.

మొదటి దానికి నా కారణం ఇదిగో, ఈ కాగితానికి జత చేశాను. తుడవలేదు, కడగలేదు, ఉన్నదున్నట్టు పంపుతున్నాను. రెండో దానికి సంజాయిషీ లేదు. నాలుగేళ్లు వేస్తే వేయండి, అప్పటికి నాకు ముప్పై రెండు. చేతులు ఉంటాయి, గుంతా ఉంటుంది.

ఇందాక ఐలయ్య సార్‌కు కబురు పంపాను, గోడ మీది యాభై మూడును తుడిచేయమని. మీ పుస్తకంలోనూ కొట్టేయండి. అది నాది కాదు, కాలి వేలిది. నాది యాభై ఆరు.

జతపరిచినవి: డాక్టరు రాసిచ్చిన కాగితం ఒకటి. పుండు ఫొటోలు రెండు. వెండి మెట్టె ఒకటి, కోసినది.

మెట్టెను మీ పరీక్షలన్నీ అయ్యాక దయచేసి తిప్పి పంపండి. మా అత్తగారిది. అతికించి పుస్తెలతాడులో గుచ్చుకుంటాను. మెడలో అయితే గుచ్చుకున్నా నాకు తెలుస్తుంది.